గ్రంథపఠనము - జీవనసంస్కారము

దేహమునకు ఆహారమెట్టిదో మనస్సునకు గ్రంథమట్టిది. తిన్న అన్నము రక్తమాంసములుగా పరిణమించినపుడే ఆహారము సార్థకము. చదివిన వాక్యము నడవడిగా పరిణమించినపుడే గ్రంథము సార్థకము. జీర్ణము కాని అన్నము రోగమునకు హేతువైనట్లు, ఆచరణకు రాని చదువు గర్వమునకు హేతువగును. ఈ విషయము నేటికాలమున మరింత విచారింపదగియున్నది.

ఏలయన, ఇప్పుడు ఏ బస్సుస్టాండున చూచినను, ఏ రైల్వేస్టేషనున చూచినను వ్యక్తిత్వ వికాస గ్రంథములు విరివిగా కనిపించుచున్నవి. 1859లో ఆంగ్లమున శామ్యూల్ స్మైల్స్ అను రచయిత ‘సెల్ఫ్ హెల్ప్’ అను పేర ఒక గ్రంథమును ప్రకటించెను. అది మొదలు ఈ జాతి గ్రంథములు లోకమంతట వ్యాపించినవి. వేకువనే మేల్కొనుము, కాలమును వృథా చేయకుము, చిన్న పనితో ఆరంభించి నిత్యము సాగింపుము, కోపమును జయింపుము అని ఇవి బోధించుచున్నవి. యువకులు ఆదరముతో కొని చదువుచున్నారు. ఇట్టి గ్రంథము మనుష్యుని నిజముగా మార్చగలదా? మార్చినచో ఆ మార్పు ఎవరిది? ఇది ఆస్తికులందరు ఆలోచింపవలసిన ప్రశ్న.

ఆ గ్రంథములు చెప్పు మాటలను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. వాని సారము అభ్యాసము. అభ్యాసమహిమను మన శాస్త్రములు ఏనాడో చెప్పియున్నవి. మనస్సు గాలివలె పట్టుబడనిదని అర్జునుడు మొరపెట్టుకొనినపుడు, అభ్యాసవైరాగ్యములచేత దానిని వశపరచుకొనవచ్చునని భగవానుడు గీత ఆరవ అధ్యాయమున ఉపదేశించెను. పతంజలి మహర్షి అభ్యాసము దృఢపడుటకు మూడు నియమములను చెప్పెను. అది చిరకాలము జరుగవలెను, ఎడతెగకుండవలెను, ఆదరముతో కూడియుండవలెను. నేటి గ్రంథములు మొదటి రెండింటిని చక్కగా చెప్పుచున్నవి. మూడవదియగు ఆదరమును మాత్రము మరచుచున్నవి.

గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో ఉన్న కాలమున గీతను కంఠస్థము చేసిన విధము ఇచట స్మరింపదగినది. దానికై ఆయన ప్రత్యేకకాలమును వెదకలేదు. ప్రాతఃకాలమున పండ్లు తోముకొను పదునైదు నిమిషములను అందుకు వినియోగించెను. శ్లోకములు వ్రాసిన చీటీలను ఎదుటిగోడకు అంటించుకొని, చూచుచు వల్లించుచు పదమూడు అధ్యాయముల వరకు ధారణ చేసెను. నిత్యకృత్యమును ఆధారముగా చేసికొని దానికి ఒక సత్కార్యమును జోడించుట ఇందలి రహస్యము. అంతకంటె ముఖ్యమైనది, ఆ శ్లోకములను ఆయన తన నడవడికి కొలతబద్దగా చేసికొనుట.

ఐనను చదివినంతమాత్రమున అందరును మారరు. ఛాందోగ్యోపనిషత్తున నారదుడు సనత్కుమారుని సన్నిధికి వచ్చి, తాను నేర్చిన విద్యలన్నిటిని పేర్కొనెను. వేదములు, ఇతిహాసపురాణములు, గణితము, తర్కము, నక్షత్రవిద్య మొదలగునవన్నియు ఆయనకు తెలియును. తెలిసియు శోకము తనను విడువలేదని, తనకు పదములే వచ్చినవిగాని ఆత్మ తెలియలేదని ఆయనయే ఒప్పుకొనెను. నారదునివంటివానికే చదువొక్కటి చాలలేదన్నచో సామాన్యుల మాట చెప్పనేల?

ఈ సత్యమునకు కౌతాళము, ఆదవాని సీమలకు సమీపముననే గొప్ప దృష్టాంతము కలదు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న మాన్వి ప్రాంతమున పదునెనిమిదవ శతాబ్దమున శ్రీనివాసాచార్యులను మహాపండితుడు ఉండెను. సంస్కృతశాస్త్రములందు ఆయనకు సాటి లేదు. అదే కాలమున విజయదాసులవారు (1682-1755) కన్నడమున హరికీర్తనలు పాడుచు జనులకు భక్తిమార్గమును బోధించుచుండిరి. వారు చివరకు దేహము చాలించిన చిప్పగిరి నేటి కర్నూలు జిల్లాలోనిదే. శ్రీనివాసాచార్యులు ఆ దాసులవారిని దేశభాషలో పాడువాడని చులకన చేసి, వారు భోజనమునకు పిలిచినను ఉదరవ్యాధి నెపము చెప్పి పోకుండెనని సంప్రదాయము. పిమ్మట ఆ నెపమే నిజమై, దుర్భరమైన వ్యాధి సంక్రమించెను. పండితుడు పశ్చాత్తాపముతో విజయదాసులను శరణుజొచ్చెను. వారు తమ శిష్యులైన గోపాలదాసుల యొద్దకు పంపిరి. గోపాలదాసులు తమ ఆయువులో నలుబది సంవత్సరములను ఆయనకు ధారపోసిరని భక్తులు చెప్పుకొందురు. ఆ పండితుడే జగన్నాథదాసులై (1728-1809) ‘హరికథామృతసారము’ను రచించిరి.

ఇదే సీమలో మరియొక కథ ఇంటింట వినబడును. చదువురాని వెంకన్న అను బాలుడు శ్రీ రాఘవేంద్రస్వాములను ఆశ్రయింపగా, కష్టకాలమున తమను స్మరింపుమని స్వాములు సెలవిచ్చిరి. ఒకనాడు ఆదవాని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ త్రోవలో లేఖనొకదానిని ఇచ్చి చదువుమని ఆజ్ఞాపించెను. అక్షరమెరుగని బాలుడు కన్నులు మూసి గురువును స్మరించెను. లేఖ అవలీలగా చదువబడెను. అతడే క్రమముగా దివానైనాడని, 1671లో స్వాములు మంచాలయందు బృందావనప్రవేశము చేయునపుడు సేవచేసి ధన్యుడైనాడని ఐతిహ్యము.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒకరికి అక్షరము సమృద్ధిగా కలదు, వినయము లేదు. మరియొకరికి వినయము కలదు, అక్షరము లేదు. అక్షరమున్నవాడు పడిపోయెను, లేనివాడు లేచెను. దీనినిబట్టి చదువు అనవసరమని తలపరాదు. వినయము కలిగిన పిదప జగన్నాథదాసుల పాండిత్యము వ్యర్థము కాలేదు. అదియే లోకోపకారకమైన గ్రంథముగా ఫలించెను. వెంకన్నయు వచ్చిన అక్షరముతో ఊరకుండక రాజకార్యమును, గురుసేవను నిర్వహించెను. కావున గ్రంథము విత్తనము, వినయము తడిసిన నేల, అభ్యాసము సేద్యము. నల్లరేగడి ఎంత సారవంతమైనను పదునులేనిదే విత్తనము మొలకెత్తదని ఈ సీమ రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

హరికథామృతసారమును ఒకవిధముగా వైష్ణవుల జీవనవికాసగ్రంథమనవచ్చును. అది సంస్కృతమున కాక జనులకు తెలిసిన కన్నడమున, భామినీషట్పదిలో రచింపబడినది. గ్రంథకర్త మొదట దేనిని చులకన చేసెనో దానినే తుదకు ఆశ్రయించెను. అందలి కరుణాసంధి, భక్తుడు చేయు స్వల్పప్రయత్నమునకు భగవంతుడు దానిని మించిన ఆదరముతో ఎదురువచ్చునని ధైర్యము చెప్పును. భోజనసంధి, కంచములోని అన్నమునందును హరిసన్నిధానమును భావింపుమని నేర్పును. దీనిని మనస్ఫూర్తిగా చదివిన గృహస్థుడు మితముగా భుజించును, అన్నమును పారవేయడు, వడ్డించిన ఇల్లాలిని కసరడు. మితాహారము ఆరోగ్యమునకు మంచిదని వ్యక్తిత్వ వికాస గ్రంథమును చెప్పును. పని ఒకటే, కాని భావము వేరు. ఒకచోట ఫలము ‘నాకు’, ఇంకొకచోట ‘హరికి’. ‘నాకు’ అన్నవాడు ఫలము కనబడనినాడు నియమమును మానును. ‘హరికి’ అన్నవాడు ఫలము కనబడకున్నను మానడు. పతంజలి చెప్పిన ఆదరము ఇదియే.

ఇచట మరియొక ధర్మసూక్ష్మము కలదు. కొన్ని గ్రంథములు, నీ స్థితికి నీవే కారణము, ప్రయత్నించినవాడు తప్పక గెలుచును, గెలువనివాడు ప్రయత్నింపనివాడే అని తేల్చుచున్నవి. ఈ మాట పైకి ధైర్యము చెప్పునదైనను లోపల నిర్దయ కలది. కౌతాళము, కోసిగి ప్రాంతములందు వానలు తప్పిన యేడు కుటుంబములకు కుటుంబములు సుగ్గికి తరలిపోవుట అందరెరిగినదే. గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన తల్లిదండ్రులవెంట పిల్లలును పోవుదురు. బడి మధ్యలో ఆగును. తెల్లవారక ముందే లేచి ప్రొద్దు గ్రుంకువరకు శ్రమించు ఆ తల్లికి, వేకువనే మేల్కొనిన ఐశ్వర్యము కలుగునని ఎవరు బోధింపగలరు? ఆమె పేదరికమును ఆమె దోషమనుట మహాపాపము.

గీత పదునెనిమిదవ అధ్యాయము ఈ చిక్కును విడదీసినది. ఏ కార్యమునకైనను కారణములు ఐదు. అధిష్ఠానమగు దేహము, కర్త, ఇంద్రియాది సాధనములు, నానావిధములైన చేష్టలు, ఐదవది దైవము. కర్త ఐదింటిలో ఒకడు మాత్రమే. కావున గెలిచినవాడు అంతయు తన ప్రజ్ఞయే యని గర్వింపరాదు. ఓడినవాడు అంతయు తన దోషమే యని క్రుంగరాదు. ఐదింటిలో ఒకడైనను కర్త ఉన్నాడు గనుక ప్రయత్నము మానుటయు తగదు. ఇంతటి ధైర్యమును, ఇంతటి దయను ఒక్కచోట చెప్పిన బోధ అరుదు.

అక్షరము రానివారి గతియేమి? వారికి శ్రవణమున్నది. నవవిధభక్తులలో మొదటిది శ్రవణమే. ప్రహ్లాదుడు తల్లిగర్భమున నారదుని నోట విన్నదే అతని బ్రతుకును నడిపెను. చండామార్కులు చదివించిన నీతిశాస్త్రము నడుపలేదు. నరసింహస్వరూపుడుగా భక్తులు కొలుచు ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి శ్రావణమాసమున సోమ, గురువారములందు చేరు జనసమూహములో చదువెరుగనివారెందరో ఉందురు. స్వామికి మ్రొక్కిన మాటకై కల్లు, సారాయి విడిచినవాడు ఏ గ్రంథమును చదువకయే గ్రంథసారమును గ్రహించినవాడు.

గృహస్థులు ఆచరింపదగిన పద్ధతి సులభమైనది. సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట ఇంటిలో చదువు వచ్చినవారొకరు, బాలుడైనను బాలికయైనను, పదినిమిషములు సద్గ్రంథమును బిగ్గరగా చదువవలెను, తక్కినవారు వినవలెను. ఎక్కువ పుటలు చదువవలెనను తొందర కూడదు. విన్నదానిలో ఒక్క మాటను ఎంచుకొని మండలకాలము ఆచరింపవలెను. పరుషవాక్యము మానుట కావచ్చును, అన్నము పారవేయకుండుట కావచ్చును, అతిథిని ఆకలితో పంపకుండుట కావచ్చును. ఒకనాడు తప్పినచో మరునాడు స్వామికి నమస్కరించి మరల ఆరంభింపవలెను. తప్పినందుకు నియమమునే విడుచుట, పోగు తెగినదని మగ్గమునే విడుచుటవంటిది. ఎమ్మిగనూరు నేతగాడు తెగిన పోగును ముడివేసి నేత సాగించునే కాని మగ్గము దిగిపోడు.

గ్రంథము మార్గము చూపును, నడువవలసినది మనుష్యుడు, నడచుటకు శక్తినిచ్చువాడు శ్రీహరి. ఈ మూడింటిని ఎరిగి చదువు చదువే చదువు. అట్టి చదువు ప్రతిగృహమున నిత్యదీపమువలె వెలుగునట్లు శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక!