ప్రేమ యున్న చాలునా?

పఠన భాగములు: నిర్గమ. 18:13–27, అపొ. కార్య. 18:24–28



సంఘమనగా మనకు మొదట తోచునది దేవుని మందిరములో కూడు విశ్వాసుల సమూహము. కాని మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ‘సంఘం ఉంది’ అని ఒక స్త్రీ పనివిడిచి లేచినయెడల, ఆమె పొదుపు సంఘమునకు పోవుచున్నదని ఊరందరికిని తెలియును. పది పదిహేనుమంది కూడి, కొంచెము కొంచెముగా దాచుకొని, ఒకరి అక్కరలో ఒకరు అప్పు తీసికొందురు. మనవారు అనేకులు ఇట్టి కూటములను నడిపించుచున్నారు. యౌవనుల కూటములను, త్రాగుడు మానగోరువారి కూటములను నడుపువారును మనలో కలరు.

వీరి విషయమై ఒక ప్రశ్నను ఈ మాసము యోచింతము. పదిమందిని నడిపించువానికి ప్రేమ యున్న చాలునా? లేక ఆ పనిని ఒక విద్యగా ఎంచి, అదే పని చేయు ఇతరులతో కూడి, తన పనిని వారి యెదుట ఉంచి దిద్దుకొనవలెనా?

మొదట మా తప్పిదము నొప్పుకొందుము. మా ఇంటి అరుగు మీద కూడిన ఒక పొదుపు సంఘమునకు మేము లెక్కలు వ్రాసెడివారము. అందులో ఒక సహోదరి మూడు వాయిదాలు కట్టలేకపోయెను. ఆమె భర్త పనికై వలసపోయి డబ్బు పంపలేదు. మేము అందరి యెదుట ఆమె లెక్క చదివితిమి. “నీ మూలాన మా అందరికి అప్పు ఆగిపాయె” అని తక్కినవారు ఆమె మీద పడుచుండగా ఊరకుంటిమి. మరుసటి వారము ఆమె బాకీ అంతయు కట్టెను. క్రమము నిలిచినదని మేము సంతోషించితిమి. ఆమె చెవుల కమ్మలు కుదువబెట్టెనని తరువాత తెలిసెను. అటుపిమ్మట ఆమె కూటమునకు రాలేదు.

మేము ఆమెను ద్వేషించితిమా? లేదు. ఆమె కొరకు ప్రతి దినము ప్రార్థించితిమి. ఐనను, పదిమంది ఒకరి మీద పడునప్పుడు ఏమి చేయవలెనో మాకు తెలియదు. ఆరు నెలలు ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. చెప్పుకొనదగినవారు మాకు లేరు. చివరకు పొరుగు మండలములో ఇదే పని చేయు నలుగురు స్త్రీలతో కూర్చుండి చెప్పితిమి. వారిలో పెద్దామె మమ్మును గద్దింపలేదు. ఒక్క మాట అడిగెను: “ఆ పొద్దు ఆమె పక్కన ఎవలు కూసున్నరు, అయ్యగారూ?”

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆమె ప్రక్కన ఎవరును కూర్చుండలేదు.

ప్రియులారా, గుంపుకూడుట దానంతట అదే మేలు కాదు. పాలమూరు వారికి ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు. గుంపు మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, కుటుంబములకు కుటుంబములను ఆనకట్టల పనులకును కాలువల పనులకును తరలించిన దినములు మన పెద్దలు ఎరుగుదురు. అదియు గుంపే. సూక్ష్మ రుణ సంస్థలు గుంపు పూచీ మీద అప్పులిచ్చినప్పుడు, ఒకరు కట్టనియెడల తక్కినవారే ఆమె వాకిట కూర్చుండిరి. ఇరుగుపొరుగే కొరడా ఆయెను. ఆ బాధ ముదిరి, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ఆదరించు చేయియు అణచు చేయియు ఒక్క గుంపులోనే కలవు. ఏది పైకి లేచునో కొంతవరకు నడిపించువాని నేర్పు మీద ఆధారపడియున్నది.

మోషేను చూడుడి. ఆయనకు ప్రజల మీద ప్రేమ కొదువయా? ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు వారి తగవులు తీర్చుచు కూర్చుండెను. మామయైన యిత్రో వచ్చి చూచి, అది మంచి పద్ధతి కాదనియు, దాని వలన అతడును ప్రజలును నలిగిపోవుదురనియు చెప్పి, పదిమందికి, ఏబదిమందికి, నూరుమందికి, వెయ్యిమందికి అధిపతులను ఏర్పరచుమనెను. యిత్రో మిద్యాను యాజకుడు, పరాయివాడు. ఐనను మోషే అలుగక వినెను. అపొల్లో విద్వాంసుడు, ఆత్మయందు తీవ్రత గలవాడు. ఐనను డేరాలు కుట్టు అకుల ప్రిస్కిల్లలు అతనిని చేర్చుకొని, మరి పూర్తిగా విశదపరచిరి. తీవ్రత యొకటి, తెలివి మరియొకటి. అతనికి రెండును కావలసియుండెను.

తరువాతి కాలములవారును ఇదే కనుగొనిరి. బొంబాయి బీదల పేటలో సేవచేసిన అమెరికా మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్, దయ ఒక్కటే చాలదని గ్రహించి, 1936లో టాటా ధర్మనిధి సహాయముతో ప్రారంభమైన సమాజసేవా పాఠశాలకు మొదటి అధిపతి ఆయెను. అదే యేట అమెరికాలో గుంపులతో పనిచేయువారు తమ పనిని పరిశీలించుకొనుటకు ఒక సమాజముగా కూడిరి. 1979లో ఏర్పడిన మరియొక సమాజము నేడు అనేక దేశములవారిని కలుపుచున్నది. మనకు దగ్గరగా చూచినను, 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ క్రింద, ఒక ఊరి పొదుపు సంఘములో ఆరితేరిన స్త్రీలు మరియొక ఊరికి పోయి, కొన్ని దినములుండి నేర్పు ఆచారము కలదు. వారు పెద్ద చదువరులు కారు. తమ అనుభవమునే పాఠముగా చెప్పుదురు.

‘మాకు తీరిక ఎక్కడిది? ఒక దినము కూలి పోవును’ అని కొందరందురు. అది నిజమైన కష్టమే. కాని ఒక్కరే మోసి, నలిగి, విడిచిపెట్టిన కూటముల లెక్క చూచుకొనుడి. ‘ఊరి గుట్టు బయటపడును’ అని మరికొందరందురు. ఇదియు తగిన భయమే. కావున అక్కడ ఎవరి పేరును ఎత్తరాదు. ఇతరుల తప్పులు కాక, నడిపించిన మన తప్పులే చెప్పుకొనవలెను. ఇంకొక అపాయమును కలదు: పనివారు తమలో తాము కూడి, తమ్మును తామే పొగడుకొని, ఎవరి కొరకు కూడిరో వారిని మరచిపోవచ్చును. దానికి ఒక్కటే పరీక్ష: మనము తిరిగి వెళ్లిన తరువాతి కూటములో, ఎన్నడును నోరు తెరువని సహోదరి నోరు తెరచినదా?

కావున నాలుగైదు గ్రామములలో కూటములు నడుపువారు నెలకొక మధ్యాహ్నము కూడుడి. మన మతస్థులే కావలెనని నియమము పెట్టకుడి, యిత్రోను జ్ఞాపకముంచుకొనుడి. ఒక్కొక్కరు ఒక్కొక్క చిక్కును తెండి. తీర్పు తీర్చుటకు ముందు, అడుగుట నేర్చుకొనుడి.

మేము ఆ పెద్దామె మాటతో ఇంటికి వచ్చి, ఆ సహోదరి ఇంటికి పోయి, చేసిన తప్పు ఒప్పుకొంటిమి. ఆమె మంచినీళ్లిచ్చెను గాని మాటాడలేదు. రెండు నెలలకు కూటమునకు వచ్చి, వాకిలి దగ్గర కూర్చుండెను. ఆ దినమున లెక్కల పుస్తకము వేరొకరికిచ్చి, మేము పోయి ఆమె ప్రక్కన కూర్చుంటిమి.