ఊరు తెలియని నల్లరాయి

చిల్లకూరులో ఒక బావా, బావమరిదీ ఉండేవాళ్లు. ఇద్దరికీ రాళ్ల పిచ్చి. సొంతూళ్లో ఆ పిచ్చి తీరేది కాదు. తూర్పుగా మోమిడి, బల్లవోలు, చింతవరం దాకా ఎంత తిరిగినా తెల్లటి సిలికా ఇసుకే. అందుకని ఒక ఆదివారం తెల్లారకముందే బండెక్కి, గూడూరు దాటి, సైదాపురం వైపు పాత మైకా గనుల దారి పట్టారు.

ఆ గనులకు ఒకప్పుడు పెద్ద పేరు. నెల్లూరు పచ్చ మైకా ఓడలెక్కి సీమకు పోయింది. హాలండ్ అనే దొర 1902లో మన దేశపు మైకా నిక్షేపాల మీద పుస్తకం రాస్తే అందులో నెల్లూరుకూ చోటు దక్కింది. ఇప్పుడు పాత గోతుల్లో నీళ్లు నిలిచాయి. గట్ల మీద మాత్రం ఆనాడు పనికిరాదని పారబోసిన రాళ్లు గుట్టలుగా ఉన్నాయి. ఏరుకునేవాళ్లకు అసలు గని ఆ గుట్టే.

కాపలా మనిషిని అడిగి లోపలికి పోయారు. బావ గోనెసంచి విప్పాడు. తళుక్కుమన్నదల్లా సంచిలోకే: మైకా దిమ్మలు, నల్ల టూర్మలిన్ కడ్డీలు, గార్నెట్ పలుకులు. బావమరిది దగ్గర ఉన్నవి పాత పేపర్లు, ఒక పెన్ను. రాయి తీయడం, చుట్టూ చూడడం, చీటీ రాయడం, చీటీతో సహా పొట్లం కట్టడం. మధ్యాహ్నానికి సంచి నిండింది, పొట్లాలు అరడజను దాటలేదు.

"రాస్తా కూర్చుంటే పొద్దుగూకిపోద్ది బామ్మర్దీ. ముందు ఏరుకో, పేర్లు ఇంటికాడ పెట్టుకుందాం" అన్నాడు బావ.

మేకలు తోలుకొచ్చిన అవ్వ ఒకామె ఇదంతా చూసి నవ్వింది. వయసులో ఉండగా ఆ గనిలోనే కత్తి పట్టి మైకా రేకులు విప్పిన మనిషి.

"ఏంది నాయనా, రాళ్లకు జాతకాలు రాస్తుండావా?"

"పుట్టినూరు రాస్తుండానవ్వా. ఇదిగో, ఈ నల్లరాయి చిన్నదే గానీ భలే బరువుంది."

"అయ్యా? అయి మాకు శని. రేకుకు అడ్డమొస్తే తీసి ఇక్కడికి ఇసిరేసేవాళ్లం. కూలి రేకుకే గదా ఇచ్చేది! అన్ని గోతుల్లో లేవులే. ఆ చింతచెట్టు పక్క గోతిలో, ఎర్రరాయి తగిలినచోట వచ్చేయి."

బావమరిది ఆ మాట కూడా చీటీలో రాసుకున్నాడు. బావ అప్పటికే గుట్టకు అవతల ఉన్నాడు. అతని సంచి అడుగున పిడికెడంత నల్లరాయి ఒకటి ఉంది. ఎప్పుడు వేశాడో అతనికే గుర్తులేదు.

సాయంత్రం గూడూరులో భూగర్భశాస్త్రం చదివిన మాస్టారి ఇంటికి పోయారు. సంచి కుమ్మరించగానే ఆయన చేయి పిడికెడు రాయి మీదికే పోయింది. దారం కట్టి స్ప్రింగు త్రాసుకు తగిలించాడు. 280 గ్రాములు. చెంబు నీళ్లలో ముంచి మళ్లీ తూచాడు. 230. తేడా 50. "280ని 50తో భాగిస్తే 5.6. పలుగురాయికి ఇదే లెక్క కడితే 2.65 వస్తుంది. ఇది సమర్‌స్కైట్ కావచ్చు. యురేనియం కూడా ఉండే రాయి, పడకగదిలో పెట్టుకోకండి. ఎక్కడ దొరికింది?"

"ఆ గుట్ట మీదే సార్."

"ఏ గుట్ట? ఏ గోతిది?"

బావ తల గోక్కున్నాడు. బావమరిది పొట్లం విప్పాడు. ఉసిరికాయంత నల్లరాయి, దాంతో చీటీ. మాస్టారు చీటీని రెండుసార్లు చదివి, "రేపు పొద్దున నన్ను అక్కడికి తీసకపో" అన్నాడు. పెద్దరాయి వైపు మళ్లీ చూడలేదు.

నీతి: రాయి దొరకడం అదృష్టం. అది పుట్టినచోటు రాసుకోవడమే విద్య.

కథ బావమరిదిని మెచ్చుకుంటుంది గానీ నాకు అతని మీదా ఒక ఫిర్యాదు ఉంది. యూరల్ కొండల్లో దొరికిన ఇలాంటి రాతికి 1847లో హైన్రిఖ్ రోజ్ అనే జర్మన్ రసాయనవేత్త సమర్‌స్కైట్ అని పేరు పెట్టాడు. ఆ పేరులోని సమర్‌స్కీ రష్యా గనుల శాఖలో అధికారి, నమూనాలు ఇప్పించి సాయపడ్డవాడు, అంతే. 1879లో ఆ రాతి నుంచే కొత్త మూలకం బయటపడితే దానికీ ఆ పేరు మీదే సమేరియం అని పెట్టారు. నమూనా అందించినందుకు ఒక ఆఫీసరు పేరు మూలకాల పట్టికలోకి ఎక్కింది. సైదాపురం గోతిని చూపించిన అవ్వ పేరు చీటీలోకి కూడా ఎక్కలేదు. బావమరిది అడగనే లేదు.

మా చిల్లకూరు ఇసుకదీ ఇదే వరస. లారీల్లో గాజు ఫ్యాక్టరీలకు పోయి సీసాలూ అద్దాలూ అవుతుంది. ఏ అద్దం మీదా బల్లవోలు పేరుండదు. ఆ సంగతిలో మనం చేయగలిగింది తక్కువ. రాళ్ల పొట్లంలో మాత్రం చాలా చేయొచ్చు. గొయ్యి, గట్టు దిక్కు, పక్కనున్న రాయి, తేదీ. వీటి కింద, చోటు చెప్పినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే. మైకా గనుల్లో రేకు విప్పినవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా కొందరున్నారు. వచ్చే ఆదివారం అటు పోయేవాళ్లు గుట్ట ఎక్కే ముందు వాళ్ల అరుగుల మీద ఒక గంట కూర్చుని, ఏ గోతిలో ఏం పారేశారో అడగండి.