అరువు తెచ్చుకున్న బాణీ



ఒకరు కట్టిన బాణీని మరొకరు అడగకుండా తీసుకొని, దానికి కొత్త దరువు, కొత్త వాద్యాలు చేర్చి, ఒక్క పైసా ఆశించకుండా నలుగురికీ వినిపించారనుకోండి. దానిని ఏమనాలి? దొంగతనమనాలా? ఉత్త కాలక్షేపమనాలా? లేక ఆ బాణీ కట్టినవానికి పెట్టిన నమస్కారమనాలా? ఈ ప్రశ్న మీ ఇంట్లో ఇంతవరకు తలెత్తలేదంటే, బహుశా మీ ఇంట్లో పదహారేళ్ళ పిల్లవాడూ కంప్యూటరూ ఒకే గదిలో లేరన్నమాట.

వీడియో గేమ్ అనగానే మనకు గుర్తొచ్చేది చదువు చెడగొట్టే ఆట. ఆ ఆట వెనుక ఒక సంగీతం మోగుతూ ఉంటుంది. వంటింట్లో ఉన్న తల్లికి అది ‘ఆ గోల’. ఆడే పిల్లవానికి మాత్రం అది కొన్ని వందల సార్లు చెవినపడిన పాట. పెద్దయ్యాక ఆటను మరచిపోతాడు గాని ఆ పాటను మరువడు. అలా మరువలేని వారిలో కొందరు ఆ బాణీని మళ్ళీ తమ చేతులతో కట్టడం మొదలుపెట్టారు. గిటారు మీద ఒకరు, పియానో మీద ఒకరు, కంప్యూటర్ మీదే వాద్యబృందాన్నంతా పలికించి ఒకరు. దీనినే రీమిక్స్ అంటున్నారు.

ఆ పాత ఆటల సంగీతం ఎలా పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి. 1983లో జపానులో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఆట పెట్టెలో ధ్వనికి ఉన్నవి ఐదే దారులు. రెండు దారులు స్వరాలు పలికేందుకు, ఒకటి కింది శ్రుతిలో సాగే స్వరానికి, ఒకటి ఉత్త బుసలాంటి చప్పుడుకు. ఆ బుసతోనే డప్పు దెబ్బను పుట్టించుకోవాలి. ఐదవది చిన్న చిన్న రికార్డు ముక్కలకు. అంతే. గాయకుడు లేడు, వయొలిన్ లేదు. ఇంత పేదరికంలో కోజీ కొండో అనే యువ సంగీతకారుడు 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటకు బాణీలు కట్టాడు. దాచుకోవడానికి వాద్యాల హోరు లేదు గనుక బాణీలోనే బలం ఉండి తీరాలి. ఆ ఆటలోని మొదటి బాణీని 2023లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తమ దేశం భద్రపరచవలసిన రికార్డుల జాబితాలో చేర్చింది. తల్లులు గోల అన్నదానికి చివరకు దక్కిన గౌరవం అది!

ఎముకల గూడులా ఉన్న ఆ బాణీలను వినగానే, దీనికి కండ పట్టిస్తే ఎలా ఉంటుందోననిపించడం సహజమే. అమెరికాలో డేవిడ్ లాయిడ్ అనే యువకుడు 1999లో ‘ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్’ పేరుతో ఇలాంటి వారిని ఒకచోట చేర్చాడు. ఆ సంఘంలో స్థిరపడిన పద్ధతులు గమనించదగ్గవి. ఉన్నది ఉన్నట్లు దించితే చాలదు, తీసుకున్నవాడు తన ఆలోచన చేర్చాలి. అలాగని అసలు బాణీ గుర్తుపట్టలేనంతగా మారిపోకూడదు. తోటి కళాకారులే కూర్చొని విని తీర్పు చెబుతారు, తిప్పి పంపితే కారణం చెబుతారు. ఒప్పుకున్నదానిని అందరికీ ఉచితంగా ఇస్తారు. దాని పక్కనే ఏ ఆటలోది, మొదట ఎవరు కట్టారు అన్నది రాసి పెడతారు.

తల్లిదండ్రులు మొదట అడిగేది, ఇదంతా కాలం వృథా కాదా అని. కాదనే నా అభిప్రాయం. పాటను ముక్కలు చేసి విని, స్వరం స్వరం పట్టుకొని, తిరిగి కూర్చడం చేయి తిరిగిన పనివాని శిక్షణే. మన విచారణల్లో హార్మోనియం వాయించిన పెద్దలలో ఎందరు బడిలో నేర్చుకున్నారు? రేడియో ముందు కూర్చొని చెవితో నేర్చుకున్నవారే ఎక్కువ. రాత్రి రెండింటి దాకా మేలుకొని పొద్దున పరీక్షకు కునికిపాట్లు పడితే, అది సంగీతం తప్పు కాదు, వేళ తప్పు. దానికి విరుగుడు ప్రతి తల్లికీ తెలుసు.

అసలు చిక్కు దొంగతనం మాట దగ్గర ఉంది. ఏడవ ఆజ్ఞ మనకు చిన్ననాటి సత్యోపదేశంలోనే నేర్పారు. కాని బాణీ విషయంలో ఆ ఆజ్ఞను ఎలా అన్వయించుకోవాలి? నేను మీ ఎద్దును తోలుకుపోతే మీ కొట్టం ఖాళీ అవుతుంది. మీ బాణీని తీసుకుపోతే అది మీ దగ్గర ఉండనే ఉంటుంది. మరి పోయిందేమిటి? రెండు పోవచ్చు. ఒకటి మీ కూలి, రెండవది మీ పేరు. ఉచితంగా పంచేవాడు “నేను డబ్బు తీసుకోలేదు కదా” అంటాడు. ఆ మాట మొదటిదానికి కొంతవరకే జవాబు, రెండవదానికి జవాబు కానే కాదు. డబ్బు తీసుకోకుండానే పేరు తీసుకోవచ్చు. మెప్పు కూడా ఒక ఆదాయమే.

చట్టమూ ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది. రచయిత తన హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నా రచన అని చెప్పుకొనే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా దానిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు అతనికే మిగిలి ఉంటాయని ఆ సెక్షన్ చెబుతుంది. ఇక అనుమతి లేకుండా బాణీని మార్చి ప్రచురిస్తే హక్కుదారు ఎప్పుడైనా ప్రశ్నించవచ్చు, ఉచితమైనా సరే. రీమిక్స్ చేసే పిల్లలకు ఈ మాట దాచకుండా చెప్పాలి. అయితే కంపెనీలన్నీ లాయరు నోటీసుతోనే పలకరించలేదు. 2008లో క్యాప్‌కామ్ కంపెనీ తన పాత ‘స్ట్రీట్ ఫైటర్’ ఆటను కొత్త హంగులతో విడుదల చేస్తూ, సంగీతాన్ని పైన చెప్పిన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ కళాకారులకే అప్పగించింది. అరువు తీసుకున్నవారిని ఇంటివారే లోపలికి పిలిచి పీట వేశారు. పేరు దాచుకొని తిరిగినవారైతే అలా పిలిచి ఉండేవారు కాదని నేననుకుంటాను.

అరువు బాణీలను చూసి మరీ ముఖం చిట్లించుకోవడానికి కథోలికులమైన మనకు వీలు లేదు. ‘ఆయుధం పట్టిన మనిషి’ అని అర్థం వచ్చే ఒక లౌకిక గీతం బాణీని ఆధారం చేసుకొని 15వ శతాబ్దం నుండి నలభైకి పైగా దివ్యపూజా సంగీత రచనలు వెలువడ్డాయి. పాలెస్ట్రీనా ఒక్కడే రెండు రాశాడు. 1562లో త్రెంతు మహాసభ గుడి సంగీతంలో అపవిత్రమైనదేదీ కలవకూడదని హెచ్చరించిందంటే, కలుస్తూ ఉందనే కదా అర్థం! హాన్స్ లియో హాస్లర్ అనే జర్మన్ సంగీతకారుడు 1601లో అచ్చువేసిన ఒక ప్రేమగీతపు బాణీయే తరువాతి కాలంలో ముళ్ళ కిరీటం ధరించిన ప్రభువు శిరస్సును ధ్యానించే శ్రమల గీతానికి బాణీ అయింది. బాఖ్ తన ‘మత్తయి శ్రమల గానం’లో దానిని మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడు. ఇంత ప్రయాణం చేసినా, పాశ్చాత్య గీతాల పుస్తకాలలో ఆ పాట దగ్గర నేటికీ హాస్లర్ పేరు అచ్చవుతూనే ఉంది.

మరి మన సంగతేమిటి? క్రిస్మస్ వచ్చిందంటే గాయక బృందం కుర్రవాళ్ళు ఏదో ఒక సినిమా బాణీలో ప్రభువు పాట ఒకటి కట్టేస్తారు. పాట కాగితం మీద రాసినవారి పేరు పెద్దక్షరాలలో ఉంటుంది. బాణీ కట్టిన సంగీత దర్శకుని పేరు మీరెప్పుడైనా చూశారా?

ఇంతకన్నా దగ్గరి సంగతి ఒకటుంది. జపాను ఆటల బాణీలను మార్చే కుర్రవాళ్ళ చేతిలో ఉండే ఎఫ్ఎల్ స్టూడియో లాంటి పనిముట్లే మన మండలాల్లో డీజే పాటలు కట్టే కుర్రవాళ్ళ చేతిలోనూ ఉన్నాయి. వారి ముందున్నది కోజీ కొండో బాణీ కాదు, పక్క ఊరి డోలు.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు గ్రామం ఉంది. హైమండార్ఫ్ దంపతులు 1940లలో నివసించిన ఊరు అదే. గుస్సాడీ నృత్యాన్ని లోకానికి చూపించిన కనకరాజు గారిదీ ఆ ఊరే. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో కన్నుమూశారు. దీపావళి ముందు రోజుల్లో దండారి బృందాలు నెమలి ఈకల టోపీలతో, డోలు, తుడుం, పెప్రె, కాలికోంలతో ఒక ఊరినుండి మరో ఊరికి అతిథులుగా వెళ్తాయి. గుస్సాడీ వేషం కట్టినవారికి అది దీక్ష. ఆ రోజుల్లో వారు స్నానం కూడా చేయరు. డోలు వరుసలు ఆ దీక్షతో ముడిపడినవి.

ఒక కుర్రవాడు ఆ వరుసను సెల్‌ఫోనులో పట్టుకొని, కింద బరువైన బీటు వేసి, పెళ్ళి బరాతులో బాక్సుల మీద వదులుతాడు. పైన ‘ఫోక్ డీజే’ అని రాసి, పక్కన తన పేరు పెట్టుకుంటాడు. ఏ ఊరు, ఎవరు వాయించారు, ఏ సందర్భం? ఒక్క అక్షరం ఉండదు. నృత్యం చేసిన కనకరాజు గారి పేరు మనకు తెలిసింది. ఆయన వెనుక డోలు కొట్టినవారి పేరు మనలో ఎందరికి తెలుసు?

పల్లె పాట అందరి సొత్తు, దానికి హక్కుదారు ఎవడని అడిగేవారున్నారు. చట్టం చూస్తే వారి మాట నిజంలాగే కనబడుతుంది, ఎందుకంటే ఆ చట్టం పేరున్న రచయితను వెదుకుతుంది, తరతరాల ఊరిని వెదకదు. కాని ఆ ఊళ్ళ ఆచారం వేరే మాట చెబుతుంది. గోండుల వంశగాథలను కిక్రి వాయిస్తూ పాడేవారు ప్రధాన్లు. ఏ ప్రధాను కుటుంబం ఏ గోండు కుటుంబాలకు పాడాలో తరతరాలుగా నిర్ణయమై ఉంది. పాడినందుకు ఆ కుటుంబాలు పెళ్ళికీ చావుకూ కానుకలు చెల్లించాలి. అంటే అక్కడ పాట గాలిలో తేలే వస్తువు కాదు. దానికి ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకొనేవాడున్నాడు, బాకీ ఉంది. ‘ఫోక్’ అని ఒక్క మాట రాయగానే ఆ బాకీ రద్దయిపోతుందా?

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట మారుమ్రోగినప్పుడు, అది నేను సేకరించి పాడిన పాట అంటూ ఒక జానపద గాయని ముందుకు వచ్చారు. కొన్ని రోజులు చర్చ జరిగింది. ఆమె అడగగలిగారు గనుక మనకు తెలిసింది. అడగలేని ఊళ్ళెన్నో.

ఇక్కడే నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. విదేశీ ఆట బాణీని మార్చినవాడు కంపెనీ పేరు, సంగీతకారుని పేరు, సంవత్సరంతో సహా రాస్తాడు. ఆ మర్యాదలో కొంత ప్రేమ ఉంది, కొంత భయమూ ఉండవచ్చు. పక్క ఊరి పెద్దమనిషికి లాయరు లేడు గనుక ఆయన డోలుకు పేరు లేదు. బలవంతుడి బాకీ వడ్డీతో చెల్లించి, పేదవాని బాకీని మరచిపోవడం మనకు పొలం గట్ల మీద, దుకాణాలలో చాలాకాలంగా అలవాటైన పనే. ఇప్పుడది పాటలోకి కూడా వచ్చింది.

ఇంకొక వాదన ఉంది, దానిని తేలికగా తీసివేయలేం. రీమిక్స్ లేకపోతే ఈ తరం పిల్లలు ఆ డోలును వినరు గాక వినరు, అంటారు. గోండు యువకులే గోండి డీజే పాటలు కడుతున్నారు గదా, అంటారు. తమ పాటను తాము మార్చుకోవడం వారి ఇంటి సంగతి. అందులో ఇష్టం లేని పెద్దలుంటే పిల్లలూ పెద్దలూ తేల్చుకుంటారు, బయటివాళ్ళం మనం తీర్పరులం కాదు. వేదిక ఎక్కితేనే అపచారమని కూడా మనం అనరాదు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న కాలంలో గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకువెళ్ళింది సాక్షాత్తు కనకరాజు గారే. ఏది బయటకు రావచ్చో, ఏది రాకూడదో చెప్పవలసింది వారే. ఇక రీమిక్స్ విని అసలు డోలును వెదుక్కుంటూ వెళ్ళేవాడు ఎక్కడికి వెళ్ళాలి? ఊరి పేరు రాయనిదే ఆ దారి ఎలా దొరుకుతుంది?

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి పని చేసే పిల్లవాడుంటే, ఆపమని అనకండి. పాట కింద రెండు పంక్తులు రాయమనండి: ఇది దండారి డోలు వరుస, ఫలానా ఊరి బృందం వాయించినది, వారి అనుమతితో. ఆ మూడవ మాట రాయాలంటే ముందు ఊరికి పోవాలి, కూర్చోవాలి, చేసిన రీమిక్స్‌ను వారికే మొదట వినిపించాలి, వద్దంటే చెరిపివేయాలి. దానివల్ల ఏమైనా రాబడి వస్తే వాటా ఎంతో కూడా అక్కడే మాట్లాడుకోవాలి. జైనూర్ దాకా బస్సు ఉంది. అయితే దండారి రోజుల్లో వెళ్తే బృందం ఊళ్ళో దొరకకపోవచ్చు, మరో ఊరికి అతిథులై పోయి ఉంటారు. దీపావళి దాటాక వెళ్ళడం మంచిది.