తప్పు చేసినవాడి పక్కన ఎవరు నిలబడాలి?

మా తమ్ముడు ఫోన్ చేసేసరికి రాత్రి పన్నెండు దాటింది. "అక్కా, తార్నాక కాడ పట్టుకున్నరు. బండి గుంజుకున్నరు. బావకు చెప్పకు." మిషన్‌లో ఊదితే 96 వచ్చిందట. బండి నడిపేవాడి వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. వాడు దానికి మూడింతలు దాటాడు.

తెల్లారి మా ఆయనకు చెప్పాను. ఆయన నోట వచ్చిన మొదటి మాట, "వకీలును చూడాలె." నాకు ఆ మాటే మింగుడు పడలేదు. తప్పు జరిగిందని నాకు తెలుసు, వాడికీ తెలుసు. మరి వకీలు దేనికి? తెలిసిన తప్పును తెలియనట్టు చెప్పించడానికా?

ఈ ప్రశ్న నన్ను అంతగా కోయడానికి కారణం ఉంది. నేను సర్కారు బడిలో తెలుగు చెబుతాను. రెండేళ్ల కింద మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి తండ్రిని పోగొట్టుకుంది. ఆయన వాచ్‌మన్. రాత్రి డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే, తాగి నడుపుతున్న కారు గుద్దింది. ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల నా కొంగు పట్టుకుని కూర్చున్న రాత్రి నేను మరువలేను. ఆ కారు నడిపినవాడికి పెద్ద వకీలు దొరికాడని విన్నప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అన్నాను: "అట్లాంటోడి పక్కన నిలబడడానికి మనసెట్ల వచ్చింది?" ఇప్పుడు అట్లాంటి మనసున్న మనిషి కోసమే నేను తెలిసినవాళ్లందరినీ అడుగుతున్నాను.

మాది గౌడుల ఇల్లు. నాయన తాళ్లెక్కేవాడు. పొద్దున దించిన కల్లులో మొదటి ధార ఎల్లమ్మ తల్లికి సాక పోయందే మా ఇంట్లో ఎవరూ ముట్టేవారు కాదు. దేవత ముందు నేల మీద పోసినదాన్ని పాపమని నేను ఎలా అనగలను? కాని నాయనకు ఒక కట్టడి ఉండేది. పొద్దుగాల కాటమయ్యకు మొక్కి, మోకు, ముస్తాదు సరిచూసుకుని చెట్టెక్కితే, ఆ పూట ఆఖరి చెట్టు దిగేదాకా నోట్లో చుక్క పోసుకునేవాడు కాదు. "తాగినోనికి చెట్టు కనబడది బిడ్డా, ఆకాశమే కనబడ్తది" అనేవాడు. కల్లు ఆయనకు కూడు పెట్టింది, పూజకూ పనికొచ్చింది. అయినా దాన్ని ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. నా తమ్ముడి తప్పు తాగడంలో లేదు. నాయన తన ప్రాణం కోసం పెట్టుకున్న కట్టడిని, ఎదుటివాళ్ల ప్రాణాల కోసం వీడు పెట్టుకోలేకపోవడంలో ఉంది.

మొదట కలిసిన వకీలు, తమ్ముడు ఎంత తాగాడో, ఎలా నడిపాడో ఏమీ అడగలేదు. "ముప్పై వేలు తెండి, కేసే లేకుండ చేస్త" అన్నాడు. తమ్ముడి ముఖం వెలిగింది. నాకు మాత్రం ఆ వాచ్‌మన్ సైకిల్ కళ్ల ముందు కదిలింది. ఆలోచించుకుని చెబుతామని లేచి వచ్చేశాం.

ఆ రాత్రి నాకు శంఖలిఖితుల కథ గుర్తొచ్చింది. భారతం శాంతిపర్వంలో ఉంది. అన్నదమ్ములిద్దరూ మునులే. అన్న లేని వేళ లిఖితుడు ఆయన ఆశ్రమానికి వచ్చి, చెట్టు పండ్లు అడగకుండా కోసుకు తిన్నాడు. శంఖుడు వచ్చి చూసి, ఇది దొంగతనం, రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగు అన్నాడు. లిఖితుడు సుద్యుమ్న మహారాజు దగ్గరికి నడిచి వెళ్లి తన తప్పు తనే చెప్పుకున్నాడు. శిక్షించే అధికారం ఉన్న నాకు క్షమించే అధికారమూ ఉంది కదా అన్నాడు రాజు. లిఖితుడు వినలేదు. చేతులు నరికించుకుని అన్న దగ్గరికి తిరిగి వచ్చి, క్షమించమన్నాడు. అన్న చెప్పినట్టు బాహుదా నదిలో మునిగితే చేతులు మళ్లీ మొలిచాయి. ఈ పని మొదటే నువ్వు చేయలేకపోయావా అని తమ్ముడు అడిగితే, నిన్ను దండించే అధికారం నాది కాదు, రాజుది అన్నాడు శంఖుడు.

తెల్లారేసరికి నాకు కోపమే మిగిలింది. వకీలూ వద్దు, ఎవరూ వద్దు, పోయి ఒప్పుకుని రమ్మని తమ్ముడికి చెప్పాను. వాడు తలవంచుకుని "సరే అక్కా" అన్నాడు. వాడి వేళ్లు వణుకుతున్నాయి.

అయినా మా హెడ్‌మాస్టరు మాట మీద మరునాడు నాంపల్లిలో ఒక పెద్ద వకీలు దగ్గరికి వెళ్లాం. ఆయన ఫీజు మాట ఎత్తకుండానే తమ్ముణ్ని ప్రశ్నలు అడిగాడు. ఊదేముందు కొత్త పైపు పెట్టారా? అంకె నీకు చూపించారా? కాగితం ఇచ్చారా? సంతకం చదివి పెట్టావా? తమ్ముడు అన్నిటికీ అవునన్నాడు. "అయితే పరీక్ష మీద నేను కొట్లాడేది ఏం లేదు. అబద్ధం చెప్పి కొట్లాడను. నువ్వు ఒప్పుకుంటే నేను పక్కన నిలబడి, శిక్ష ఎంత ఉండాలనే దాని మీద మాట్లాడుత" అన్నాడు.

నేనుండబట్టలేక అడిగాను. "ఒప్పుకునేవాడికి వకీలెందుకు సార్? పైపు పాతదైతే మీరు కొట్లాడేవారే కదా? వీడు తాగింది నిజమైనా?"

"కొట్లాడేవాణ్ణమ్మా. ఇయ్యాల నీ తమ్ముని మీద సరిగ్గ చెయ్యని పరీక్షను ఊకుంటే, రేపు దగ్గు మందు తాగినోని మీద కూడ అట్లనే చేస్తరు. ఆనాడు ఆయన మాట ఎవరు వింటరు?"

తర్వాత ఆయన చట్టం విప్పి చెప్పాడు. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. "జరిమానాకు, ఆరు నెలల జైలుకు నడుమ ఎంత దూరమున్నదో చూడు. ఆ దూరంల వీని కొలువు ఉంది, వీని మీద బతికే మీ అమ్మ ఉంది. అది జడ్జికి ఎవరో ఒకరు చెప్పాలె." నచ్చిన వకీలుతో వాదించుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉందనీ, ఫలానావాళ్ల తరఫున ఎవరూ వాదించొద్దని బార్ సంఘాలు తీర్మానం చేస్తే అది చెల్లదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిందనీ ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

బస్సులో వస్తుంటే నాకు భారతంలోని ఇంకో ముని తలపుకొచ్చాడు, మాండవ్యుడు. మౌనవ్రతంలో ఉండగా దొంగలు వచ్చి ఆయన ఆశ్రమంలో సొమ్ము దాచారు. భటులు అడిగితే ఆయన పలకలేదు. రాజు కొరత వేయించాడు. ఆ తరువాత ఆయన యమధర్మరాజును నిలదీశాడు, నేను చేసిన పాపమేమిటని. చిన్ననాడు పురుగులను పుల్లతో గుచ్చావు, దాని ఫలమిది అన్నాడు యముడు. పసితనపు తప్పుకు ఇంత శిక్షా అని మాండవ్యుడు ధర్మదేవతనే శపించాడు. ఆ శాపం వల్లనే ధర్ముడు విదురుడై పుట్టాడు. తూకం తప్పితే ధర్మదేవతకైనా శిక్ష తప్పలేదు.

ఒక్క లిఖితుణ్నే పట్టుకుని నేను తమ్ముడి మీద తీర్పు చెప్పేశాను. మాండవ్యుణ్ని మరిచిపోయాను. తప్పు చేసినవాడు తన తప్పు తను చెప్పుకోవాలి. అది వాడి ధర్మం, దాన్ని ఏ వకీలూ వాడి బదులు చేయలేడు. తప్పుకు తగినంతే శిక్ష పడేలా చూడడం మాత్రం వాడి వల్ల కాదు. సిగ్గుతో, భయంతో నోరు పెగలనివాడు తన తూకం తను ఎలా చూసుకుంటాడు? ఆ పని ఇంకొకరు చేయాలి. వకీలు అందుకే. నాయన మోకు ఆయన బదులు చెట్టెక్కలేదు, దిగలేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మనిషిని చెట్టుకు పట్టి ఉంచింది, అంతే. కేసే లేకుండా చేస్తానన్న మొదటాయన తమ్ముడికి చెట్టే లేదని చెప్పబోయాడు.

గోషామహల్‌లో పోలీసుల కౌన్సెలింగ్‌కు ఇంటివాళ్లను వెంట తెచ్చుకోమంటే నేనే వెళ్లాను. ప్రమాదాల వీడియోలు చూపిస్తుంటే తమ్ముడు కళ్లు దించుకోలేదు. కోర్టులో పేరు పిలిచినప్పుడు "తాగి నడిపిన సార్, తప్పే" అన్నాడు. మా వకీలు రెండు నిమిషాలు మాట్లాడాడు. జరిమానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష. సాయంత్రం దాకా వాడు వెనక బల్ల మీద కూర్చున్నాడు. నేనూ ఆ బల్ల మీదే కూర్చున్నాను.

బయటికి వచ్చాక వాడు అడిగాడు. "అక్కా, ఆ పిల్ల ఇంటికి ఒకసారి తీస్కపోతవా? తండ్రి లేని పిల్ల." తీసుకుపోలేదు. మన మనసు తేలిక చేసే బరువు ఆ పిల్ల మీద ఎలా పెడతాం? లిఖితుడు శిక్ష పడ్డాక వెళ్లి నిలబడింది ఎవరి పండ్లు తిన్నాడో ఆయన ముందే. ఆ పిల్ల ముందు నిలబడవలసినవాడు ఇంకొకడు ఉన్నాడు. వాడికి వకీలు ఉన్నందుకు నాకిప్పుడు కోపం లేదు. ఆ వకీలు వాడి చేత ఒక్కసారైనా "తప్పే" అనిపించాడా, అదే అడగాలని ఉంది.

బండి విడిపించుకున్నాం. తాళంచెవి మాత్రం తమ్ముడు ఊరికి తీసుకుపోయి, గోడకు వేలాడుతున్న నాయన మోకు పక్కన మేకుకు తగిలించి వచ్చాడు. ప్రస్తుతం బస్సులో పోతున్నాడు. ఎప్పుడు తెచ్చుకుంటావని నేనింకా అడగలేదు.