పిట్ట కాక ఇంకేం కనిపిస్తోంది?

ఇరవై రెండేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఏటా జూన్‌లో పదో తరగతి పిల్లలకు మొదటిరోజు చెప్పే కథ ఒకటే. ద్రోణుడు, చెట్టు, కొమ్మ మీద బొమ్మ పిట్ట. ధర్మరాజుకు చెట్టు కనిపించింది, గురువు కనిపించాడు, తమ్ముళ్ళు కనిపించారు. పక్కకు జరగమన్నాడు ద్రోణుడు. అర్జునుడికి పిట్ట తప్ప ఇంకేమీ కనిపించలేదు. బాణం వెయ్యమన్నాడు. (మూలంలో అర్జునుడు చూశానన్నది పిట్ట తలను. అది మన నోళ్ళలో పడి కన్ను అయింది. గురి ఎంత చిన్నదైతే కథ అంత గొప్పదని కాబోలు.) “మీకు మార్చిలో వచ్చే పరీక్షలే పిట్ట కన్ను” అని ముగిస్తాను. పిల్లలు తలలూపుతారు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి సెలవుల్లో రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంది. నాకు ఇష్టం లేకపోయింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో తుపాకి పట్టుకుని తిరిగినవాళ్ళు రెండే రకాలు. ఇద్దరూ రాత్రిపూటే తలుపు కొట్టేవాళ్ళు. ఒకరికి అన్నం పెడితే రెండోవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. తుపాకిని చూసి ముచ్చటపడటం నాకు చేతకాదు. “ఇది గాలి తుపాకి నాన్నా, గుండు కందిగింజంత గూడ ఉండదు” అంది. సరే, చూసొద్దామని వెళ్ళాను.

నిజమే, అక్కడ యుద్ధం వాసనేమీ లేదు. బిర్రుగా ఉన్న మందపాటి కోట్లలో బిగుసుకుని, ఐదు కిలోల దాకా బరువుండే రైఫిళ్ళు ఎత్తుకుని, పిల్లలు పది మీటర్ల దూరంలో ఉన్న కాగితాల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఆ కాగితం నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెద్ద పోటీల్లో 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. చప్పుడు తక్కువ, చెమట ఎక్కువ. ఖర్చు ఇంకా ఎక్కువ. మంచి రైఫిల్ సొంతంగా కొనాలంటే రెండు లక్షల పైమాటే. మా అమ్మాయికి దొరికింది అక్కడివాళ్ళు వంతులవారీగా ఇచ్చే పాతది. ఆదిపర్వంలో ఈ పిట్ట పరీక్షకు కాస్త ముందే ఏకలవ్యుడి వేలు తెగుతుంది. ఆ బెంచీ మీద కూర్చున్నాకే ఆ వరస నాకు తట్టింది.

నా కథకు చిల్లు పడింది మాత్రం మొదటి నెలలోనే. “కోచ్ సారు టార్గెట్టు దిక్కు చూడొద్దన్నరు నాన్నా” అంది. రైఫిల్ కొసన ఒక రింగు ఉంటుంది. చూపు దాని మీద నిలవాలట. రింగు లోపల కనిపించే నల్లచుక్క కాస్త మసకగానే ఉండాలట. ఆశకొద్దీ కన్ను చుక్క మీదకు ఉరికిందా, రింగు ఎటు జారిందో తెలియదు. అంటే అర్జునుడు చూసుకోవలసింది పిట్టను కాదు, తన బాణం మొనను. రెండో పాఠం, ప్రతి గుండుకూ ముందు టార్గెట్ దగ్గరున్న లేన్ నంబరు చూసుకోవడం. ఇదెందుకో కూడా తనే చెప్పింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మాథ్యూ ఎమ్మన్స్ అనే అమెరికన్, 50 మీటర్ల రైఫిల్ ఫైనల్లో అందరికన్నా ముందున్నాడు. ఒక్క గుండు మిగిలింది. కాల్చాడు. తెర మీద అతని పేరు ఎదుట స్కోరు రాలేదు. గుండు పక్క లేన్ టార్గెట్‌కు తగిలింది. బంగారు పతకం పోయి ఎనిమిదో స్థానం, అంటే చిట్టచివరి స్థానం మిగిలింది. అంతకన్నా ఏకాగ్రంగా పిట్టను మాత్రమే చూసినవాడు ఎవడుంటాడు?

ఇదంతా తెలిసి కూడా నేను ఆ జూన్‌లో మళ్ళీ అదే కథ చెప్పాను. అలవాటు.

పదో తరగతికొచ్చాక ఇంట్లో రోజులు బరువెక్కాయి. తెల్లారి ఐదున్నరకు రేంజ్, ఎనిమిదింటికి బడి, సాయంత్రం స్పెషల్ క్లాసులు. బడివాళ్ళు పిలిపించి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టనివ్వకండి అన్నారు. నేను మెత్తగా నవ్వి వచ్చేశాను. నా కళ్ళకు కనిపిస్తున్నది వేరే. స్పోర్ట్స్ కోటా. 2024 పారిస్‌లో 16 ఏళ్ళ కొరియా బడిపిల్ల బాన్ హ్యోజిన్, పదోవంతు పాయింటు తేడాతో బంగారు పతకం కొట్టిన వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తుపాకి అంటే ముఖం తిప్పుకున్నవాణ్ణి ఒక్క పాయింటు కోసం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునే స్థితికి ఎప్పుడు వచ్చానో నాకే తెలియలేదు.

చలికాలంలో ఒక చిన్న పోటీ. అందులో నెగ్గితే పై పోటీకి పంపుతారు. కాగితం టార్గెట్లు, కార్డుకో గుండు. సగం అయ్యాక ఒక కార్డు వెనక్కి లాగితే దాని మీద రెండు చిల్లులు. పక్క లేన్ కార్డు ఖాళీ. పక్కనున్న పిల్ల పొరపాటున మావైపు కాల్చింది. ఆ పిల్లకు ఎలాగూ సున్నా. మావైపు ఒక చిల్లు పది, ఇంకోటి తొమ్మిది. ఏది ఎవరిదో తేల్చలేకపోతే, ఎక్కువది ఆ కార్డు సొంతదారుకే ఇస్తారు. జడ్జి అడిగాడు, నీదేది అని. తెలియదంటే పది. అబద్ధమని పట్టుకునేవాడు ఈ భూమ్మీద లేడు.

కానీ షూటర్లకు నేర్పే మరో సంగతి ఉంది. ట్రిగ్గర్ కదిలిన క్షణాన రింగు ఎక్కడుందో చూసి, కార్డు చూడకముందే గుండు ఎటు పోయిందో తమలో తాము చెప్పుకోవాలి. “తొమ్మిది నాది సార్” అంది.

బయట చాయ్ బండి దగ్గర నేనన్నాను: “ఊకుంటే అయిపోయేది గదా బిడ్డా.”

ఆమె నావైపు వింతగా చూసింది. కోపంగా కాదు. “ఎడమకు, కిందికి పోయింది నాన్నా. అది నాదే” అంది. వినపడలేదేమో అన్నట్టు మళ్ళీ చెప్పింది. నేను ఆ మాటను నిజాయితీ అనే పెద్ద అలమారలో పెట్టబోయాను. ఆమెకది అంత పెద్ద సంగతి కాదు. చూసింది చూసినట్టు చెప్పడం, అంతే. గంట తర్వాత స్కోర్లు అంటించారు. మూడు పాయింట్లతో పోయింది. ఆ ఒక్క పాయింటు వచ్చినా ఒరిగేదేమీ లేదు. కానీ నేనా మాట అన్నది స్కోర్లు తెలియకముందు.

సిమోన్ వెయ్ బడిచదువు గురించి రాసిన వ్యాసంలో, శ్రద్ధ అంటే కండరాలు బిగబట్టడం కాదంటుంది. మనసును కాస్త ఖాళీగా ఉంచి, ఎదుటి వస్తువును రానివ్వడమట. తప్పుగా చేసిన లెక్కను మళ్ళీ తీరిగ్గా చూసుకోవడానికి ఆమె చాలా విలువ ఇచ్చింది. ఆమె దాన్ని దేవుడి దాకా తీసుకుపోతుంది. నేను చాయ్ బండి దాకానే పోగలను. అక్కడ నాకు పిట్ట తప్ప ఏమీ కనిపించలేదు. పక్క లేన్‌లో రైఫిల్ పట్టుకుని ఏడుస్తున్న పిల్ల కూడా కనిపించలేదు. ఆమె సంగతి ఇంటికొచ్చాక మా అమ్మాయి చెబితే తెలిసింది.

ఆ రాత్రి ధర్మరాజు గుర్తొచ్చాడు. చెట్టునూ గురువునూ తమ్ముళ్ళనూ పిట్టనూ చూశానన్నాడు. అన్నీ ఉన్నవే కదా, ఒక్కటీ అబద్ధం కాదు. విలువిద్యకు పనికిరాడని అతణ్ణి పంపించేశారు, సరే. మరి నేను చెబుతున్నది విలువిద్య కాదే. అయితే అతణ్ణి నెత్తిన పెట్టుకోవడమూ కష్టమే. అంత బాగా కనిపించిన తమ్ముళ్ళనే తర్వాత జూదంలో పందెం కాశాడు. జూదం దగ్గర అతనికీ పాచిక తప్ప ఇంకేమీ కనిపించలేదేమో.

ఈ జూన్‌లో మొదటి క్లాసులో కథ మొదలుపెట్టి, ద్రోణుడి ప్రశ్న దగ్గర ఆగాను. “మీకేం కనిపిస్తోంది?” అని పిల్లల్నే అడిగాను. కొందరు బోర్డు అన్నారు, కొందరు మీరు అన్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “ఫ్యాను తిరుగుతలేదు సార్” అన్నాడు.

నిజమే. కరెంటు పోయి చాలాసేపయింది.