అర్జునా ఫల్గుణా, రాగి పట్టీ

ఉరిమితే మా నాయనమ్మ ‘అర్జునా, ఫల్గుణా’ అనేది. నేనూ అంటాను, కాకపోతే మబ్బు పట్టగానే నా రేడియో యాంటెన్నా కేబుల్ ఊడదీశాకే. దేవుణ్ణి నమ్మేవాడికి ఎర్తింగెందుకని మా బావ ఎత్తిపొడుపు. 1755లో బోస్టన్‌లో భూమి కంపిస్తే, పిడుగుల్ని నేలలోకి దించే ఇనప కడ్డీలే కారణం కావచ్చని థామస్ ప్రిన్స్ అనే మతబోధకుడు రాశాడు. ఆయనే నయం, కడ్డీ పని చేస్తుందనైనా ఒప్పుకున్నాడు!

నా తంటా వేరు. రేడియోకొక ఎర్తు, ఇంటి కరెంటుకొక ఎర్తు విడివిడిగా ఉంటే, పిడుగు పడ్డప్పుడు రెండింటి మధ్యా వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ తేడాకు కరెంటు రేడియోలోంచే పారుతుంది. అందుకే రెండు ఎర్తు కడ్డీలనూ ఇంటి బయటే వెడల్పాటి రాగి పట్టీతో కలిపాను. నేలంతా ఒక్కటేనన్న అద్వైతం ఇక్కడ నట్టు బిగిస్తేగానీ చెల్లదు. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోకుండా బిందెడు నీళ్లు పోస్తుంటాను. మా ఆవిడ దాన్ని భూదేవికి అభిషేకమంటుంది. నేను కాదనను.