ఇంటికి తేలేని మాట

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూరును జంక్షనుగా పెంచెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలోను ఆ కంపెనీ రైళ్లే నడిచెను. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఆ ఊరి కాలనీలలో తెలుగు కుటుంబములు నేటికిని కలవు.

అట్టి క్వార్టరులో పదునాలుగేండ్ల బాలుని తలంచుడి. బడిలో తోటివారు వాని హిందీ యాసను వెక్కిరింతురు, టిఫిను డబ్బా దాచుదురు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన తండ్రి మార్కుల కాగితము చూచి, ప్రక్క క్వార్టరు అబ్బాయితో పోల్చి నాలుగు మాటలనును. వాని మేలు కోరియే అనుచున్నాడు. మేలు కోరినంత మాత్రమున ఆ మాటలు నిర్దోషములగునా?

కొలొస్సయులకు 3:21లో పౌలు తండ్రులను హెచ్చరించుచు వాడిన గ్రీకు క్రియ ‘ఎరెథిజో’, అనగా పొడిచి రేపుట. క్రొత్త నిబంధనలో ఇది మరియొక చోటనే, 2 కొరింథీయులకు 9:2లో కనబడును. అచ్చట కొరింథీయుల ఆసక్తి ఇతరులను ధర్మకార్యమునకు పురికొల్పెనని భావము. కాగా పురికొల్పుటకును గుచ్చుటకును క్రియ ఒక్కటే! భేదమెచ్చట నున్నది? తండ్రి ఉద్దేశమును పౌలు విచారింపలేదు. బిడ్డలో మిగులు ఫలితమునే చూపెను. ఆ ఫలితమునకు వాడిన పదము లోని ఉత్సాహము ఆరిపోవుటను తెలుపును. అది తిరుగుబాటు కాదు. తిరుగబడు బిడ్డ ఇంకను మాటలాడుచున్నాడు. ఆరిపోయినవాడు మౌనముగా అన్నము తిని పండుకొనును. వానిని చూచి చుట్టములు బుద్ధిమంతుడని మెచ్చుకొందురు.

శిక్షణ వలదని దీని భావము కాదు. ఎఫెసీయులకు 6:4 దానినే కోరుచున్నది. అయితే బడిలో విన్న వెక్కిరింత ఇంటిలోను అదే స్వరముతో వినబడినయెడల, బాలుడు తన గాయమును ఎక్కడికి తెచ్చును? “నీవేమి చేసితివో, ఊరకనే అందురా?” అను ప్రశ్న వానికి ముందే తెలియును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో దేహశిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. వంటయింటి గడప దాటి ఆ సెక్షను రాదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏండ్ల వారిలో నూటికి 7.3 వంతున మానసిక రుగ్మతలను కనుగొనెను. అవి ఇంటిలో ఆ పేరుతో రావు. బడివేళకు కడుపునొప్పిగా, పట్టని నిద్రగా, మూలబడిన క్రికెట్టు బ్యాటుగా వచ్చును. చావు మాట వినబడినచో క్షణమైనను జాగు చేయక వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరు ఉచితము.

ఆ తండ్రి మార్కుల కాగితము మడిచి పెట్టి, “బడిలో నీ ప్రక్కన ఎవరు కూర్చుందురు, నాన్నా?” అని అడిగినయెడల ఆ రాత్రి జవాబు రాకపోవచ్చును. మూడవనాడు, అతడు డ్యూటీకి బూట్లు తొడుగుకొనుచుండగా, రావచ్చును.